బండి మీది పొర

విజయనగరం, రింగు రోడ్డు
18 ఆగస్టు 2024

మావయ్యకు, అత్తకు దండాలు.

నేనూ అమ్మడూ నిన్న పొద్దున్నే దిగాం. పాత గదే దొరికింది. అమ్మడిని బడిలో వేశాను, ఏడుస్తూనే వెళ్ళింది. ఫోన్ చేద్దామంటే నీకు చెవులు సరిగ్గా వినబడవు. వినబడినా ఆఁ, ఊఁ తప్ప మాటాడవు. అత్త ఫోను లాక్కుని అరుస్తుంది. అందుకే ఉత్తరం. "మా అన్న చదివింది ఐదే గానీ ముత్యాల్లాంటి అచ్చరం" అని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది కదా. నువ్వు కూడా రాయాలి.

బావ పనిచేసిన కార్ల షాపుకి వెళ్ళాను. నన్ను చూసి షాపు ఓనరు తిరుమలరావు అన్న లేచి నిలబడిపోయాడు. "దేవేంద్ర పెళ్ళానివి. ఈ పనికి ఎందుకమ్మా వచ్చీసినావు? ఇంకేటైనా సూద్దుం" అన్నాడు. బావ చేసిన పనే నేర్చుకుంటానన్నాను. ఆఖరికి ఆరు నెలలు గడువిచ్చాడు. ఆరు నెలల్లో ఒక కారు బానెట్టుకి నేనొక్కదాన్నే ఫిల్ము వెయ్యగలిగితే పనిలో ఉంచుకుంటాడు. లేదంటే ఊరికి వచ్చెయ్యడమే. వచ్చేస్తే మా అన్నయ్యలు మళ్ళీ ఆ బరంపురం సంబంధం మాట ఎత్తుతారు. బావ పోయి ఏడాది దాటింది కదా, ఇంకా ఎన్నాళ్ళు అంటారు. నీకు తెలియంది ఏముంది.

బావ ఏం పని చేసేవాడో మీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదనుకుంటా. కారు అద్దాలకి ఎండ ఆపే ఫిల్ము అతికించడం ఒకటి. కారు రంగు గీసుకుపోకుండా పైన కంటికి కనబడని పొర వెయ్యడం ఇంకొకటి. అద్దంలో నీళ్ళలా ఉంటుంది ఆ పొర. బావ వాడిన రబ్బరు పట్టీ తిరుమలరావు అన్న బీరువాలో దాచాడు. ఫిల్ము కింద నీళ్ళు బయటికి తోసేది అదే. నా చేతిలో పెట్టాడు.

మావయ్యా, నేను బస్సు ఎక్కినప్పుడు నువ్వు ఒక్క మాట అనలేదు. వెళ్ళు అనలేదు, వద్దు అనలేదు. అదొక్కటే దారంతా గుచ్చుకుంది.

అరుణశ్రీ


కొత్తపుట్టుగ, కవిటి మండలం
2 సెప్టెంబరు

చిరంజీవి అరుణకు, అమ్మడికి మావయ్య జగన్నాధం దీవెనలు.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మీ అత్తకి ఒకసారి చదివి వినిపించాను.

బస్సు దగ్గర మాట రాలేదు. అంతే. వెళ్ళు. నేర్చుకో.

ఇక్కడ వానలు బాగానే పడ్డాయి. కొబ్బరికి తెగులు ఉన్నాది. మీ అత్త మోకాలు అలాగే ఉన్నాది. "ఆడగుంట కార్లకి రంగుకాయితం అతికించడమేటి, లోకం నవ్వదా" అని గొణుగుతున్నాది. మళ్ళీ ఆవిడే పక్కింటోళ్ళకి, మా కోడలు విజయనగరంలో కార్ల పని నేర్చుకుంటన్నాదని చెప్తున్నాది.

దేవేంద్ర నా టీవీఎస్ బండి ట్యాంకుకి వేసిన పొర ఉన్నాది కదా. పసుపు తిరిగింది. ఎండ తగలకుండా మీ అత్త పాత చీర కప్పుతున్నాను.

ఇంకేమీ లేవు.

జగన్నాధం


విజయనగరం
20 అక్టోబరు

మావయ్యకు దండాలు.

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. రాత్రికి వేళ్ళు వంగడం లేదు.

మొదటి నెలంతా పాత ఫిల్ములు పీకడమే. అద్దం మీద మిగిలిన జిగురు గోకడమే. ఇప్పుడు తలుపు అద్దాలకి వచ్చాను. పసిపిల్లల షాంపూ నీళ్ళలో కలిపి అద్దం నిండా కొడతాం. ఆ తడి మీద ఫిల్ము జారుతుంది, అటూ ఇటూ సర్దుకోవచ్చు. తర్వాత రబ్బరు పట్టీతో మధ్య నుంచి అంచుకి నీళ్ళు తోసెయ్యాలి. చెప్పడానికి అంతే. కింద ఒక్క ఇసుక రేణువు ఉంటే చాలు, మొటిమలా కనబడుతుంది. పని చేసినంతసేపు ఫ్యాను వెయ్యరు, దుమ్ము లేస్తుందని. నేల మీద నీళ్ళు చల్లి చేస్తాం. ఉడికిపోతాం.

మొదటి అద్దం పూర్తి చేసి మురిసిపోయాను. తిరుమలరావు అన్న వచ్చి వంగి చూశాడు. "ఒలమ్మ! అద్దంతో పాటు నీ చున్నీ కూడా అతికించీసినావేటి?" అన్నాడు. నూలు పోగు ఒకటి జానెడు పొడుగు లోపల ఉండిపోయింది. షాపు షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను. మొత్తం పీకేసి మళ్ళీ వేశాను. అప్పటినుంచి చున్నీ మానేశాను.

పనిలో చేరిన రోజు ఆయన ఒక నియమం చెప్పాడు. "చేతికి గాజులు, ఉంగరాలు ఉండకూడదు, రంగు గీసుకుపోతాది" అని మొదలుపెట్టి, నా చేతుల వేపు చూసి ఆగిపోయాడు. "సరే, నీకు ఆ ఇబ్బంది లేదులే" అనబోయాడో ఏమో, అనకుండా నీళ్ళ సీసా తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు. మంచి మనిషి.

నల్లటి ఫిల్ము కావాలని చాలామంది వస్తారు. పోలీసులు పీకేసి జరిమానా వేస్తారని అన్న వెయ్యడు. నిన్న ఒకాయన, "మా ఆవిడకి ఎండ పడదు" అన్నాడు. "మీ ఆవిడకి ఎండ పడదా, మీకు మీ ఆవిడ పడదా" అని అన్న అడిగాడు. ఆయన లేతది వేయించుకుని వెళ్ళాడు.

రెండుసార్లు మానేద్దాం అనుకున్నాను. చెయ్యి వణుకుతోంది మావయ్యా. ఎవరైనా వెనక నిలబడి చూస్తే మరీ.

నీ బండి సంగతి చదివాను. అర్థమైంది. బావ ఎప్పుడూ చెప్పేవాడు, "మా అయ్య నోరు తెరిసి అడగడు. గొడుగు సిరిగిందంటే గొడుగు కొనమని. కళ్ళజోడు మసగ్గా ఉన్నాదంటే కొత్తది తెమ్మని" అని. నేను మరిచిపోలేదు.

అరుణ


కొత్తపుట్టుగ
5 నవంబరు

అరుణకు దీవెనలు.

చెయ్యి వణికితే వణకనీ. నేను మొదట కొబ్బరి ఎక్కినప్పుడు కాళ్ళు వణికేవి. మా అయ్య కింద నిలబడి తిట్టేవాడు. తిట్టకుండా తల తిప్పుకున్న రోజు బాగా ఎక్కాను. నీ వెనక ఎవరైనా నిలబడితే తల తిప్పుకోమను.

దేవేంద్రకీ ఆఖర్న చెయ్యి వణికేది. కిడ్నీలు పోయిన తరవాత అందరికీ అలాగే అవుతాది అన్నారు. మన ఊళ్ళో ఎంతమందిని చూడలేదు.

అర్థమైంది అని రాశావు. ఏటి అర్థమైందో నాకు తెలీలేదు. పోనీలే.

మొన్న అమ్మడు ఫోన్లో ఏదో పాట పాడింది. వినబడలేదు. బాగున్నాది అన్నాను.

మానొద్దు.

జగన్నాధం


విజయనగరం
19 జనవరి 2025

మావయ్యకు, అత్తకు దండాలు.

వెనక పెద్ద అద్దం ఒక్కదాన్నే వేశాను! అది వంపుగా ఉంటుంది. ఫిల్ము దానంతట అది వంగదు. ముందు అద్దం బయటి వేపు పరిచి, వేడిగాలి మిషనుతో కాచి, అద్దం వంపులోకి ముడుచుకునేలా చెయ్యాలి. ఎక్కువ కాస్తే మాడిపోతుంది. తక్కువైతే మడతలు వస్తాయి. అరచెయ్యి దగ్గర పెట్టి చూసుకుంటూ కాచాను. అప్పడం కాల్చినట్టే అని అత్తతో చెప్పు.

తిరుమలరావు అన్న నా వెనక నిలబడలేదు. నీ మాట చెప్పాను. టీ తాగే నెపంతో రోడ్డు మీదకి పోయాడు. తిరిగొచ్చి అద్దం నాలుగు మూలలా వేలితో నొక్కి చూసి, "ఊఁ" అన్నాడు. ఆయన ఊఁ అంటే గొప్పే. నీకు చుట్టమేమో.

ఇప్పుడు బళ్ళ ట్యాంకులకి రంగు కాపాడే పొర వేస్తున్నాను. అది రబ్బరులా సాగుతుంది. ఫిబ్రవరి ఆఖర్లో బానెట్టు పరీక్ష.

రథసప్తమికి మీరు ముందు రోజే అరసవల్లి వెళ్ళి అక్కడే పడుకుంటారని అత్త చెప్పింది. ఇంటి తాళం ఎప్పటిలాగే చూరులో పెట్టండి. ఎందుకని అడక్కండి.

అరుణ


విజయనగరం
6 ఫిబ్రవరి

మావయ్యా,

ఈపాటికి చూసే ఉంటావు! ఎలా ఉంది?

రథసప్తమి రోజు పొద్దున్న రైలుకి సోంపేటలో దిగి, ఆటోలో ఊరొచ్చాను. మీరు దేవుడి దగ్గర ఉన్నప్పుడు నేను కొబ్బరాకుల పాకలో నీ బండి దగ్గర ఉన్నాను. చీర తీసి చూస్తే నిజమే, పొర బాగా పసుపు తిరిగిపోయింది. పాతది తియ్యడమే కష్టమైంది. మొండిగా పట్టుకుంది. కాగే నీళ్ళు పోసి, మెత్తబడ్డాక అంచు లేపి, చిన్నగా లాగాను. నీళ్ళు చల్లారితే మళ్ళీ పోసి, మళ్ళీ లాగి. రెండు గంటలు పట్టింది.

ఒక మాట చెప్తాను, నవ్వుకో. పాతదానిలో కుడి మూల, లోపల, ఎవరిదో బొటనవేలి ముద్ర ఉంది. జిగురు వేపు వేలు తగిలితే అంతే, ఆ ముద్ర పొర ఉన్నన్నాళ్ళూ పోదు. మాకు నేర్పే మొదటి పాఠమే అది. షాపులో కొత్తగా చేరినవాళ్ళెవరినో వెంట తెచ్చి బావ వేయించినట్టున్నాడు. బావ చేతి పనిలో అలాంటి తప్పు ఉండదు. సొంత అయ్య బండిని పనిరానివాళ్ళకి అప్పగించాడా అని మనసులో తిట్టుకున్నాను.

పాతది ఉండ చుట్టి పెంటకుప్పలో పడేశాను. కొత్తది మంచి రకం, పదేళ్ళు పసుపు తిరగదు. నా డబ్బుతో కొన్నాను. ఇది నీకు నా మొదటి పని. వెతికినా ఒక్క మచ్చ దొరకదు.

మీరు వచ్చేదాకా ఉందామనుకున్నాను. అమ్మడిని పక్కింట్లో వదిలి వచ్చాను, ఉండలేకపోయాను.

అరుణ


కొత్తపుట్టుగ
15 ఫిబ్రవరి

అరుణకు దీవెనలు.

ఉత్తరం అందింది. బండి చూశాను. మెరుస్తున్నాది. కొత్త బండి కొన్నావేటని దారిలో ఇద్దరు అడిగారు.

అరసవల్లిలో దర్శనం బాగా అయింది. ప్రసాదం పంపుదామంటే పాడైపోతాదని ఊరుకున్నాను.

మీ అత్త ఏదో రాయమంటున్నాది. రాయను.

బానెట్టు బాగా చెయ్యి. చేతులు జాగర్త.

జగన్నాధం


విజయనగరం
23 మార్చి

మావయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

బానెట్టు వేశాను. నెల ఆలస్యమైనా, ఒక్కదాన్నే వేశాను. అన్న చుట్టూ తిరిగి చూశాడు. పనిలో ఉండిపొమ్మన్నాడు. అందరికీ మిఠాయి పంచాడు. నేను నవ్వుతూ, మొదటి పని మావయ్య బండికి చేశాను, పాతదానిలో ఎవరో వేలిముద్ర పెట్టేశారు, అది ఎవరి పనన్నా అని అడిగాను.

అన్న మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టేశాడు.

"అది దేవేంద్రే" అన్నాడు.

బావకి చెయ్యి నిలవడం లేదని నాకు తెలుసు. పని మానేసింది నీరసం వల్లే అనుకున్నాను. ఒక పెద్ద కారుకి వేస్తుంటే జిగురు మీద వేలు పడిపోయిందట. పీకి మళ్ళీ వేస్తే మళ్ళీ పడిందట. ఇంక కార్లు ముట్టుకోనన్నాడట. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. ఆ సాయంత్రం మిగిలిన ముక్కొకటి చుట్టుకుని, "ఆఖరుది మా అయ్య బండికి ఏసి వస్తానన్నా" అని ఊరికి బయల్దేరాడట.

అత్తకి ఫోన్ చేశాను. మొదట ఏమీ లేదంది. నేను వదల్లేదు. అప్పుడు చెప్పింది. అరసవల్లి నుంచి వచ్చి నువ్వు చీర తీసి చూసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయావట. నా ఉత్తరం వచ్చాక పెంటకుప్ప దగ్గరకి వెళ్ళావట. రెండు రోజులు వెతికావట. "ఏటి ఎతుకుతున్నావు, బంగారమేటి?" అని అత్త అడిగితే వంగి ఇంకా వెతుకుతూనే ఉన్నావట.

నా రెండు చేతులతో తీశాను. కాగే నీళ్ళు పోసి మరీ తీశాను. చూసి తిట్టుకున్నాను కూడా.

నాలుగు రోజులుగా షాపుకి వెళ్ళడం లేదు. రబ్బరు పట్టీ పట్టుకుంటే ఆ మూలే కనబడుతోంది. ఈ పని నాకు వద్దు మావయ్యా. అన్నయ్యలు ఎక్కడికి పంపితే అక్కడికి పోతాను. నువ్వు మెరుస్తున్నాది అని ఎందుకు రాశావు? నన్ను తిట్టి ఉండాల్సింది. ఇప్పుడైనా తిట్టు. ఊఁ అని ఊరుకోకు.

అరుణ


కొత్తపుట్టుగ
2 ఏప్రిల్

అరుణా,

ముందు ఏడుపు ఆపు. అమ్మడు చూస్తాది.

ఇంత పెద్ద ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు. మూడు రోజుల నుంచి రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట వేసవిలో వాడు ఒక్కడే వచ్చాడు. నువ్వు అమ్మడి కోసం అక్కడే ఉండిపోయావు. "అయ్యా, బండి బయటికి తియ్యి" అన్నాడు. "ముసిలి బండికి ఎందుకురా" అన్నాను. "ముసిలోడికి సొక్కా తొడగమేటి?" అన్నాడు. మీ అత్త నవ్వింది. ఈ ఇంట్లో ఆవిడ నవ్వడం అదే ఆఖరు.

పాక కింద కూర్చుని చేశాడు. నీళ్ళ డబ్బా నేను పట్టుకున్నాను. మధ్య మధ్య ఆగి ఊపిరి తీసుకునేవాడు. అంతా బాగానే అయింది. ఆఖరి మూల దగ్గర చెయ్యి వణికింది. బొటనవేలు జిగురు మీద పడిపోయింది. "పాడు సేసీసినాను అయ్యా. పీకీస్తాను. ఇంకో ముక్క తెస్తాను" అన్నాడు.

"ఉండనీరా" అన్నాను.

ఇంకో ముక్క తేడని వాడికి తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం నీళ్ళు తుడుచుకున్నాం. నలభై రోజులకి పోయాడు.

పొద్దున్న ఎండ ఆకుల సందులోంచి ఏటవాలుగా పడినప్పుడే అది కనబడేది. గీతలన్నీ తెలిసేవి. ఒక గీత మధ్యలో తెగి ఉండేది. చిన్నప్పుడు జీడిపిక్కలు కొడుతుంటే వేలు తెగింది కదా, అది. రోజూ ఒకసారి చీర ఎత్తి చూసేవాడిని. మీ అత్తకి కూడా చెప్పలేదు. బండి తుడుచుకుంటున్నాననుకునేది.

పెంటకుప్పలో అది దొరికింది. కాగే నీళ్ళు పోస్తే మెత్తబడుతాదని నువ్వే రాశావు. పోశాను. జిగురూ జిగురూ కరుచుకుపోయింది. సగం విడింది. ఆ మూల విడలేదు. ఇంక లాగలేదు. లాగితే చిరిగిపోతాది. బియ్యం డబ్బాలో పెట్టాను. విడకపోయినా లోపల ఉన్నాది కదా.

ఇప్పుడు తిట్టమన్నావు. తిడతాను. నిన్ను కాదు.

సెప్టెంబరులో నీకు ఉత్తరం రాసిన రోజు, ఆ ముద్ర సంగతి చెప్దామనే మొదలుపెట్టాను. పొర పసుపు తిరిగింది అని రాశాను. చీర కప్పుతున్నాను అని రాశాను. తరవాతి మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇంకేమీ లేవు అని రాసి అతికించేశాను. అర్థమైంది అని నువ్వు రాసినప్పుడైనా అడగాల్సింది. పోనీలే అనుకున్నాను. నా నోటి సంగతి వాడికి తెలుసు. నీకు తెలుసు. నువ్వు వాడు చెప్పినట్టే చేశావు. అడక్కుండానే నాకు కావలసింది తెచ్చాననుకున్నావు.

ఇంకొకటి. అది నా ఒక్కడిదే అనుకుని దాచుకున్నాను. వాడు నీ మొగుడు. అమ్మడికి అయ్య. మీరిద్దరూ దాని మీద ఒకసారి వేలు పెట్టి చూసుకోవాలి కదా. నేను చెప్పకపోబట్టే కదా నువ్వు దాన్ని చూసి కూడా ఎవరిదో అనుకున్నావు. నేను చేసినది నువ్వు చేసినదానికన్నా పెద్దది.

పని మానొద్దు. రేపే వెళ్ళు. వాడు వదిలేసిన దగ్గర నువ్వు పట్టుకున్నావు. మీ అన్నయ్యలు వస్తే నా దగ్గరకి పంపు. నేను మాటాడతాను. నవ్వకు, మాటాడతాను. నీకు ఇష్టం లేని మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని చెప్తాను.

మెరుస్తున్నాది అని నేను అబద్ధం రాయలేదు. నిజంగానే మెరుస్తున్నాది. ఈ రెండు నెలలూ పొద్దున్న ఎండ పడగానే చీర తీసి చూస్తున్నాను. అలవాటు. వాడి ముద్ర ఎలాగూ లేదు, నీదైనా ఒకటి ఎక్కడైనా పడి ఉంటాదేమో అని కుడి మూల, ఎడమ మూల, మూత కింద, అంచుల వెంబడి అంతా వెతికాను. కళ్ళజోడు పెట్టుకుని వెతికాను.

ఒక్కటీ లేదమ్మా. నీకు పని బాగా వచ్చేసింది.

మీ మావయ్య
జగన్నాధం